కుడివైపు వంత

హిప్ హాప్ అను మాట నేడు కడప, కర్నూలు పట్టణముల విద్యార్థులకు క్రొత్తది కాదు. 1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్సు పేటలో, ఒక నివాసభవనమున కూల్ హెర్క్ అను యువకుడు రెండు గ్రామఫోను యంత్రములు పెట్టి జరిపిన వేడుకనుండి ఈ కళ మొదలైనదని చెప్పుదురు. వాద్యపు దరువుమీద ప్రాసలు కుదిర్చి వడివడిగా మాటలు పలుకుట దీని పద్ధతి. పెద్ద కంపెనీల నాశ్రయింపక తమ రికార్డులను తామే వెలువరించుకొను బృందములను 'అండర్‌గ్రౌండు' బృందములందురు. ఇట్టి బృందము మన తెలుగున ఎన్నడైన నుండెనా అని ఎవరైన అడిగినచో, ఉండెననియే మేము చెప్పుదుము. అందలివారు కొందరు నిజముగనే అజ్ఞాతవాసము చేసిరి. అది బుర్రకథా దళము.

ఈ దళమున ముగ్గురుందురు. నడుమ నిలుచు కథకుడు భుజమున తంబుర మోయుచు, బొటనవ్రేలి అందెలను గలగలలాడించుచు, గజ్జెల కాళ్ళతో ముందునకు వెనుకకు అడుగులు వేయును. ఇరుప్రక్కలనుండు వంతగాండ్రు డక్కీలుగాని గుమ్మెటలుగాని వాయించుచు 'తందాన తాన' యని అందుకొందురు. ఎడమవైపువాడు హాస్యపు వంత. కుడివైపువాడు రాజకీయపు వంత. కథ పల్నాటిదైనను, బొబ్బిలిదైనను, నడుమ కథకుని ఆపి, నేటి ధరలను గూర్చియో నేటి అధికారిని గూర్చియో ఒక ప్రశ్న వేయుట ఇతని పని. మా దృష్టిలో ఈ కళకు ప్రాణము ఇతనియందే యున్నది.

జంగము కథనుండి వచ్చిన ఈ ప్రక్రియను క్రొత్త దారికి మలచినవారు ప్రజానాట్యమండలివారు. 1943లో ఏర్పడిన ఆ సంస్థలో షేక్ నాజర్ గారి దళము మిక్కిలి పేరు గాంచెను. వారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లున, దూది యేకు వృత్తిగల పేద కుటుంబమున జన్మించిరి. 1943లో వంగదేశమున లక్షలాది జనులు ఆకలితో మరణించినప్పుడు ఆ కరువే వారికి కథావస్తువయ్యెను. (కరువనగా నేమో మన సీమవారికి విడమరచి చెప్పనక్కరలేదు.) నాలుగు బల్లలు చేర్చిన వేదిక చాలును, తెరలు వలదు, అలంకరణలు వలదు. వీరగాథ వినుటకు వచ్చి కూర్చున్న రైతు ఆ కథలో తన ఊరి వడ్డీవ్యాపారిని చూచెను. ప్రభుత్వములు ఊరకుండలేదు. ఇటు మదరాసు ప్రభుత్వము, అటు నిజాము ప్రభుత్వము ఈ ప్రదర్శనలను నిషేధించెను. కళాకారులు కొందరు చెరసాలకు పోయిరి.

కాలము మారినది. 1953 నాటి 'పుట్టిల్లు', 1954 నాటి 'అగ్గిరాముడు' చిత్రములలో నాజర్ గారి బుర్రకథ తెరకెక్కెను. 1986లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమొసగెను. 1997లో వారు కన్నుమూసిరి. 'పింజారి' అను వారి ఆత్మకథను దొరికినచో తప్పక చదువవలెను. ఒకనాడు నిషేధమునకు గురియైన ఆ కళారూపమే మరియొకనాడు పంచవర్ష ప్రణాళికలకు, కుటుంబ నియంత్రణకు ప్రచారసాధనమయ్యెను. అందులో రేడియోకును పాలు గలదు.

న్యూయార్కున కంపెనీ ఫ్లో అను దళమొకటి యుండెను. అందును ముగ్గురే: పలుకువారిద్దరు, రికార్డులు త్రిప్పువాడొకడు. 1997లో రాకస్ అను సంస్థ ద్వారా 'ఫన్‌క్రషర్ ప్లస్' వెలువరించినప్పుడు, మూలముద్రణములపై హక్కు తమయొద్దనే యుంచుకొనిరి. 2001 నాటికి విడిపోయిరి గాని ఆ హక్కును వదలుకొనలేదు. మన పల్లెల దళములకు అట్టి పత్రములు లేవు. వారికున్న ఆస్తి ఆ కుడివైపువాని నోటిమాటయే.

దానిని మేమొకసారి తీసివేసితిమి. ఉద్యోగమున చేరిన క్రొత్తలలో, కర్నూలు ప్రాంతపు మెట్ట గ్రామమునుండి ఒక దళము ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ చెప్పుటకు స్టూడియోకు వచ్చెను. 1846లో తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరిదీయబడిన ఆ వీరుని కథ రేనాటిలో ఏ పుస్తకముతోను పనిలేక నోటనే నిలిచినది. తవర్జీ సొమ్ము రాక రెడ్డి కోపించు ఘట్టమున కుడివైపు వంతగాడు డక్కీ ఆపి, వేరుసెనగ పంటకు రావలసిన బీమా సొమ్ము సంగతి ఎత్తెను. అది ముందుగా మాకిచ్చిన ప్రతిలో లేదు. మేము ముద్రణ ఆపి, ఆ మాట వదలి మరల చెప్పుమంటిమి.

"అది తీసేస్తే నాకీడ పనేముంది సార్?" అని అతడు నవ్వెను. కోపగింపలేదు. తక్కిన అరగంటయు 'తందాన తాన' మాత్రము పలికెను. కార్యక్రమము చక్కగా వచ్చినదని పై అధికారులు మెచ్చుకొనిరి. ఆ మెప్పు మాకు రుచింపలేదు.

ఆ వేసవిలో వారి ఊరి తిరునాళ్ళకు పోతిమి. అదే కథ, అదే ఘట్టము. వంతగాడు డక్కీ ఆపినాడు. బీమా సంగతి ఈసారి కాలుగంట సేపు సాగెను. చివర రేడియోవారిని గూర్చియు ఒక చరుపు చరచెను. జనము పకపక నవ్విరి. వెనుక వరుసనుండి ఒక ముసలాయన లేచి, "ఇంగోసారి చెప్పు నాయనా" అని కేక వేసెను. అతడు మావైపు చూచి మరల చెప్పెను.