మీకు తెలుసా? టెక్స్ట్ ఫైల్లో పుట్టిన డెలీషియస్

నచ్చిన వెబ్ పేజీల లింకులను దాచుకుని, నలుగురితో పంచుకునే వీలు కల్పించిన ‘డెలీషియస్’ 2003లో మొదలైంది. మోర్గాన్ స్టాన్లీ బ్యాంకులో పనిచేస్తూనే జాషువా షాక్టర్ దాన్ని తయారుచేశారు. అంతకుముందు ఆయన లింకులన్నీ ఓ టెక్స్ట్ ఫైల్లో రాసుకునేవారు. పక్కనే గుర్తుగా ఓ చిన్న మాట.

ఆ మాటలే ట్యాగులయ్యాయి!

ఒకే పేజీకి ఒకరు ‘వంట’ అని, ఇంకొకరు ‘పండగ’ అని ట్యాగు పెట్టుకునే వీలుండేది. ‘వంట’ నొక్కితే అదే ట్యాగుతో ఇతరులు దాచినవీ వరసగా కనిపించేవి. వెబ్‌ను వాడేవాళ్లే చక్కగా వర్గీకరించుకోగలరని చాటిన గొప్ప ఆలోచన ఇది.

2005లో యాహూ డెలీషియస్‌ను కొన్నది. 2011లో యూట్యూబ్ స్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్ తీసుకున్నారు. 2017లో పోటీ సేవ పిన్‌బోర్డ్ 35 వేల డాలర్లకే సొంతం చేసుకుని, కొత్త లింకులు చేర్చే వీలును ఆపేసింది.