కుంచ మొక్కటి కావలదా?

దేహమును కోయకయే లోపలి స్థితిని జూపు సాధనములలో అయస్కాంత అనునాద చిత్రణము, అనగా ఎం.ఆర్.ఐ., అగ్రగణ్యము. దానికి మార్గము చూపిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డులకు 2003లో నోబెల్ బహుమానము లభించెను. ఇప్పు డీ యంత్రము చిత్రముతో తృప్తి నొందక అంకెలను గూడ చెప్పుచున్నది. ఆ యంకెల నెంతవరకు నమ్మవచ్చునో విచారింప దలచితిమి.

అయస్కాంత క్షేత్రమున నున్న దేహములోని ఉదజని కేంద్రకములను రేడియో తరంగము కదల్చును. అవి మరల పూర్వస్థితికి వచ్చుటకు పట్టు కాలము, కణజాలమును బట్టియు రోగమును బట్టియు మారును. మామూలు చిత్రము నలుపు తెలుపుల తారతమ్యమును మాత్రమే చూపును. కొలత పటమో, ప్రతి బిందువు చెంత నా కాలమును మిల్లీసెకండ్లలో వేసి చూపును.

ఇది కేవలము పండితుల వినోదము గాదు. తలసీమియా గల బిడ్డలకు మాటిమాటికి రక్త మెక్కింపవలయును. ఆ రక్తముతో వచ్చిన ఇనుము గుండెలో పేరుకొని ప్రాణముమీదికి దెచ్చును. ఇనుము హెచ్చినకొలది టీ2 స్టార్ అను కాలము తగ్గునని 2001లో లండన్ వైద్యులు ఋజువు పరచిరి. 1.5 టెస్లా యంత్రముపై నది 20 మిల్లీసెకండ్లకు లోబడినచో ఇనుము చేరినదనియు, 10కి లోబడినచో గుండె చెడు నపాయము మెండనియు గ్రహించి వైద్యులు మందు హెచ్చింతురు. కాని 3 టెస్లా యంత్రముపై నదే గుండెకు తక్కువ యంకె వచ్చును. యంత్రము నెరుగక అంకెను మాత్రమే చదివినవారికి ఆపద లేనిచోట ఆపద కనబడును.

టీ1 అను మరియొక కాలము విషయమున చిక్కు మరింత గలదు. 2015లో ప్రకటితమైన యొక పరిశోధనలో మూడు పద్ధతులను పోల్చిచూచిరి. సీసాలలోని ద్రావణములపై నవి ఏకీభవించినవి. ఆరోగ్యవంతుల మెదడులో భేదించినవి. రేడియో తరంగపు బలము దేహ మంతటను సమముగ నుండదు. మెదడులోని నీరు సీసాలోని ద్రావణము వలె నేకరూపమును గాదు.

గుండెను కొలుచుటకు మిక్కిలి వాడుకలో నున్న మోలీ యను పద్ధతి, నిజమున కించుక తక్కువగనే చెప్పును. అయినను మాటిమాటికి నొక్కతీరుగ చెప్పును. సాషా యను పద్ధతి నిజమునకు చేరువ. దాని యంకెలకు నిలకడ తక్కువ. నిలకడ వేరు, నిజము వేరు. వెలితి కుంచముతో నూరుమారులు కొలిచినను లెక్క యొక్కటియే వచ్చును. అంతమాత్రమున ధాన్యము సరిపోయినదనరాదు.

కావున ప్రతి వైద్యాలయమును తన యంత్రముపై ఆరోగ్యవంతులను కొలిచి తన ప్రమాణమును తానే నిర్ణయించుకొనవలయునని 2017లో నిపుణులు సలహా నిచ్చిరి. తెలిసిన విలువలు గల నమూనా సీసాలతో యంత్రమును తరచు పరీక్షించుటయు నవసరము. నివేదికలో అంకె ప్రక్కన యంత్రబలమును, పద్ధతిని, అచ్చటి ప్రమాణమును వ్రాయుట విధిగా నుండవలెనని మా యభిప్రాయము. రోగియు సంవత్సర సంవత్సరము పోల్చుకొనదలచినచో అదే యంత్రమున, అదే పద్ధతిని పరీక్ష చేయించుకొనుట శ్రేయము. కుంచము మార్చి కొలిచి గాదె తరిగినదని వగచుట వివేకము గాదు.