పడవని కుట్టడం

‘ట్యూరింగ్స్ కెథీడ్రల్’ అని 2012లో ఒక పుస్తకం వచ్చింది. కంప్యూటర్ల తొలిరోజుల కథ. మన బ్రాంచ్ వాళ్ళం కదా అని మొదలుపెట్టా. కానీ పుస్తకం కన్నా రాసినాయన జీవితమే ఎక్కువ ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. ఆయన పేరు జార్జ్ డైసన్, భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ కొడుకు. వయసులో ఉన్నప్పుడు కెనడా పడమటి తీరంలో చెట్టు మీద ఇల్లు కట్టుకుని, అలూషియన్ దీవుల వాళ్ళ పద్ధతిలో కయాక్‌లు తయారుచేశాడట. 1986లో వాటి మీద ‘బైదార్కా’ అనే పుస్తకం కూడా రాశాడు.

కయాక్ అంటే ఒక్కరు కూర్చుని నడిపే సన్నటి పడవ. రిసార్టుల్లో కనిపించే ప్లాస్టిక్‌ది కాదు నేను చెప్పేది. ఇది సన్నటి చెక్క బద్దల చట్రం, దాని మీద చర్మం, అంతే.

ఐడియా మనకి కొత్తేం కాదు. కృష్ణ, తుంగభద్రల్లో తిరిగే పుట్టి కూడా ఇంతే. వెదురు బుట్ట అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తారు. తేడా ఏంటంటే, పుట్టికి పైన మూత ఉండదు, అంచుకి కట్టేస్తే సరిపోతుంది. కయాక్‌కి మనిషి కూర్చునే రంధ్రం తప్ప పైన కూడా మూసెయ్యాలి. అందుకే కుట్టు తప్పదు.

ఆర్కిటిక్‌లో చెట్లు దాదాపు ఉండవు. సముద్రం కొట్టుకొచ్చిన కర్రల్ని మగవాళ్ళు ఏరి చట్రం కట్టేవాళ్ళు. దాని మీద సీల్ తోలు కుట్టేది ఆడవాళ్ళు. అక్కడి నీళ్ళలో పడితే మనిషి ఎక్కువసేపు బతకడు. అంటే భర్త ప్రాణం భార్య వేసిన కుట్టు మీద ఉండేదన్నమాట. మనం బగ్ ఉన్న కోడ్ సబ్మిట్ చేసి, మళ్ళీ సరిచేద్దాంలే అనుకుంటాం. ఆమెకి ఆ ఛాన్స్ లేదు.

సూది గుచ్చితే రంధ్రం పడుతుంది, రంధ్రం ఉంటే నీళ్ళు వస్తాయి. మరి ఎలా? రెండు తోళ్ళ అంచుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టేటప్పుడు, సూదిని ఒక తోలు మందంలో సగం దాకానే పోనిచ్చేవాళ్ళు. అవతలికి రానివ్వరు. తర్వాత రెండో అంచుని కూడా అలాగే ఇంకో వరసలో కుట్టేవాళ్ళు. కాబట్టి లోపలి నుంచి బయటికి నేరుగా దారి ఉండదు. దారం కూడా జంతువు నరంతో చేసిందే. తడిస్తే ఉబ్బి, సూది చేసిన సందుని అదే మూసేస్తుంది. దీనికి పేటెంట్ ఎవరూ తీసుకోలేదు!

ఇప్పుడు సొంతంగా చేసుకునేవాళ్ళు తోలు బదులు మందపాటి నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ వాడతారు. చట్రాన్ని బోర్లించి గుడ్డ పరుస్తారు. రెండు కొనల దగ్గరా సాక్స్ లాగా చిన్న జేబులు కుట్టి, పొడవునా గట్టిగా లాగుతారు. తర్వాత తిప్పి, పైభాగంలో గుడ్డ రెండు అంచుల్నీ బూటు లేసు కట్టినట్టు తాడుతో అటూ ఇటూ లాగి దగ్గరికి తెస్తారు. ఈ స్టెప్ అనవసరం అనుకుని వదిలేశారో, మీ పని అయిపోయినట్టే. ఒక చివర నుంచి లాగుతూ కుట్టుకుంటూ పోతే గుడ్డ ఒక పక్కకి జరిగి పడవ మెలి తిరుగుతుంది. టెన్షన్ అంతటా సమానమయ్యాకే మిగులు గుడ్డ కత్తిరించి, అంచులు మడిచి, పైన మధ్య గీత వెంట కుట్టు వేస్తారు. ఆ పెద్ద కుట్టు నీళ్ళ కింద కాకుండా పైనే ఉండటం గమనించారా? చివర్లో రంగో, యూరెథేనో పూత పూస్తే గుడ్డ సందులు మూసుకుంటాయి.

నైలాన్ తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. అందుకే తడిపి కుట్టమంటారు. పాలియెస్టర్ నీళ్ళని పెద్దగా పీల్చదు, దాన్ని వేడితో బిగించాలి. ఇది నేను చదివి నేర్చుకోలేదు. వెదురు పుల్లలతో ఒకటిన్నర అడుగుల మోడల్ కట్టి, పాత గొడుగు గుడ్డ తడిపి కుట్టా. రాత్రంతా ఆరబెట్టినా ముడతలు అలాగే ఉన్నాయి. మా అమ్మ చూసి, “ఇది నైలాన్ అని నీకు ఎవరు చెప్పార్రా?” అంది. ఇస్త్రీ పెట్టె తెచ్చి మెల్లగా పైన పోనిస్తే, నా కళ్ళ ముందే గుడ్డ డప్పు తోలులా బిగుసుకుంది. ఆ ఉత్సాహంలో పెట్టె నేను తీసుకుని ఇంకాస్త వేడి చేశా. లోపల ఒక పుల్ల వంగిపోయింది.

గుడ్డ కోసేసి పుల్ల మార్చా. చట్రం బాగానే ఉంది. అసలు కయాక్‌లకి కూడా తోలు పాడైతే విప్పేసి, అదే చట్రానికి కొత్తది కుట్టేవాళ్ళు. రెండో గొడుగు కోసం చూస్తున్నా, మీ రూమ్‌లో విరిగింది ఉంటే ఇవ్వండి.