ఎంత ఎత్తు నుంచి దూకారు?

2018 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ప్రయోగం అచ్చయింది. విమానంలోంచి దూకేవాళ్లకు పారాచూట్ వల్ల మేలుందా లేదా అని అమెరికా డాక్టర్లు పరీక్షించారు. 23 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, 12 మందికి పారాచూట్, 11 మందికి ఖాళీ సంచి తగిలించి దూకించారు. ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. పారాచూట్ ఉన్నా లేకున్నా ఒకటేనని తేలింది. విమానం మాత్రం నేల మీద ఆగి ఉంది. దూకిన ఎత్తు సగటున 0.6 మీటర్లు, అంటే రెండడుగులు!

పావగడ తాలూకా వై.ఎన్.హొసకోటలో పిల్లలకు సైన్సు చెప్పే నాకు ఇంతకన్నా మంచి పాఠం దొరకలేదు. అందులో లెక్కలు సరైనవే, పద్ధతీ సరైనదే. లోపమల్లా ఎవరు చేరారన్నదాంట్లోనే. ఆకాశంలో ఎగురుతున్న విమానంలో ఉన్నవాళ్లనూ అడిగారు, వాళ్లు ఒప్పుకోలేదు. నేల మీద ఉన్నవాళ్లే ముందుకొచ్చారు. పారాచూట్ అవసరం ఎవరికుందో వాళ్లే లెక్కలో లేకుండా పోయారు. మందుల పరీక్షల్లోనూ ఈ ప్రమాదం ఉంది. జబ్బు ముదిరినవాళ్లకు పరీక్ష కోసం మందు ఆపడానికి డాక్టరుకు మనసొప్పదు, జబ్బు తేలికగా ఉన్నవాళ్లే పరీక్షలో చేరతారు. చివరికి మంచి మందు కూడా పనికిరానిదిగా కనబడుతుంది. ఆ డాక్టర్లు నవ్విస్తూ చూపించింది ఈ లోపాన్నే.

పేరు వినగానే నవ్వొచ్చేదల్లా ఉత్తుత్తి పరిశోధన కాదు. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో డాక్టర్ చిత్తరంజన్ ఆండ్రాడే, డాక్టర్ బి.ఎస్.శ్రీహరి నాలుగు బడుల్లో 200 మంది పిల్లల్ని అడిగింది ముక్కులో వేలు పెట్టుకునే అలవాటు గురించి. దాదాపు అందరూ ఒప్పుకున్నారు. రోజుకు నాలుగుసార్లు మామూలు, ఇరవై దాటినవాళ్లు 7.6 శాతం. పావువంతు మందికి ముక్కు నుంచి రక్తం కారిన అనుభవం ఉంది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2001లో వీళ్లకు వచ్చింది. నాకైతే ఇది గట్టి పని అనిపిస్తుంది. మామూలు మనుషులు ఎంత చేస్తారో తెలియకుండా, ఎక్కడ దాటితే అది జబ్బో మానసిక వైద్యుడు ఎట్లా చెప్తాడు? పైగా ఎవరిని అడిగారు, ఎంతమందిని అడిగారు అన్నది దాచకుండా రాశారు.

పరీక్ష ఎవరి మీద, దేని మీద చేశారని అడగడం మా పావగడ తాలూకాలో తెలిసి తీరాలి. ఇక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు గారలు కనిపిస్తాయి, పెద్దవాళ్లు మోకాళ్లు పట్టుకుని లేస్తారు. వేరే నీళ్లు దొరకకపోయినా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అందుకే ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఇంటింటికీ వస్తారు.

ఒకాయన మా ఇంటికి వచ్చి, "ల్యాబ్‌లో తేల్చింది సార్, చూడండి" అని రిపోర్టు చేతికిచ్చాడు. ఫిల్టర్‌లోంచి వచ్చిన నీళ్ల అంకె ఒక్కటే ఉంది, పరిమితి లోపలే.

"పోసిన నీళ్లలో ఎంతుండెనప్పా?"

"అది రాయలేదు సార్."

"ఏ ఊరి బోరు నీళ్లు?"

తెలీదన్నాడు. ముందే ఫ్లోరైడ్ లేని నీళ్లు పోస్తే ఏ ఫిల్టరైనా పాసవుతుంది, అదీ రెండడుగుల దూకుడే. మా వీధి బోరు నీళ్లు ఒక క్యాను పట్టిచ్చి, ఫిల్టర్‌లో పోయకముందు ఒకసారి, పోసినాక ఒకసారి పరీక్ష చేయించి రెండంకెలూ తెమ్మన్నాను.