ఒక నదికి ఒక బోర్డు: టెన్నెసీ లోయ దృష్టాంతము

సహకార సంఘములలో సభ్యులైన మనకు బోర్డు అనుమాట క్రొత్తది కాదు. మహాజనసభలో చేతులెత్తి పాలకవర్గము నెన్నుకొందుము; పిదప ఆ వర్గమువారు చేయుచున్న పనిని విచారించుట మరతుము. అప్పు మంజూరైనచో బోర్డు మంచిదనియు, కానిచో చెడ్డదనియు చెప్పుకొనుటతో మన విచారణ ముగియును. బోర్డు చేతిలో ఏయే అధికారములుండవలెను, అది యెవరి మాట వినవలెను, ఎవరికి జవాబు చెప్పవలెను అను సంగతులు తెలియుటకు ఒక పెద్ద దృష్టాంతమును చూచుట మేలు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెన్నెసీ నది లోయను బాగుచేయుటకై 1933లో ఏర్పడిన బోర్డు అట్టిది. ఆ బోర్డు చేసిన మేలును, చేసిన కీడును గూడ రైతు భూమిమీదనే కనబడెను గావున ఆ చరిత్ర మనకు మిక్కిలి పనికివచ్చును.

లోయ పూర్వస్థితి

టెన్నెసీ నది నాక్స్‌విల్ పట్టణము దాపున రెండేరులు కలియగా ఏర్పడి, సుమారు 650 మైళ్లు పారి, పడూకా యొద్ద ఓహైయో నదిలో కలియును. దాని పరీవాహక భూమి ఏడు రాష్ట్రముల భాగములలో సుమారు 41,000 చదరపు మైళ్లు వ్యాపించియున్నది. అచ్చట ఏటికి సుమారు 50 అంగుళముల వాన కురియును. అనంతపురపు రైతునకు దొరకు వానకు అది రెట్టింపునకు పైన. అయినను ఆ వానయే వారికి శత్రువయ్యెను. కొండవాలులను ఏటేట దున్ని ప్రత్తియు, మొక్కజొన్నయు వేయుటచేతను, అడవులను నరుకుటచేతను పైమట్టి కొట్టుకొనిపోయి పొలములలో గండ్లు పడెను. వరదలు వచ్చినపుడు పల్లపుటూళ్లు మునుగుచుండెను. నూరు వ్యవసాయ గృహములలో మూడింటికి మాత్రమే విద్యుద్దీపముండెను. జనులలో నూటికి ముప్పదిమంది మలేరియా జ్వరముతో బాధపడుచుండిరి.

ఆ నది యొడ్డున మజిల్ షోల్స్ అనుచోట, మొదటి ప్రపంచయుద్ధ కాలమున, మందుగుండునకు కావలసిన నత్రజని పదార్థములను చేయుటకు ప్రభుత్వము కర్మాగారములను కట్టి, వానికి విద్యుచ్ఛక్తి నిచ్చుటకై విల్సన్ ఆనకట్టను మొదలిడెను. యుద్ధము ముగిసిన పిమ్మట వానిని కంపెనీలకు అమ్మవలెనా, ప్రజల సొత్తుగా నుంచవలెనా అని పదేండ్లకు పైగా వాదము జరిగెను. నెబ్రాస్కా రాష్ట్రపు సెనేటరగు జార్జి నారిస్ ప్రజల సొత్తుగానే యుండవలెనని పట్టు విడువలేదు. తుదకు 1933వ సంవత్సరము మే 18వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు చట్టముపై సంతకము చేయగా టెన్నెసీ లోయ సంస్థ పుట్టెను.

బోర్డు నిర్మాణము

ఆ చట్టము బోర్డునందు ముగ్గురు డైరెక్టర్ల నుంచెను. సెనేటు సమ్మతితో అధ్యక్షుడు వారిని నియమించును. పదవీకాలము తొమ్మిదేండ్లు, అయితే ముగ్గురును ఒక్కమారే దిగిపోక, మూడేండ్లకొకరు మారునట్లు ఏర్పాటు చేసిరి. ఇందువలన పాత అనుభవము చెడదు, క్రొత్త బుద్ధికి చోటుండును. డైరెక్టరు వేరొక వ్యాపారము చేయరాదు. విద్యుచ్ఛక్తి నమ్ము కంపెనీలలోగాని, ఎరువులు చేయు కంపెనీలలోగాని అతనికి స్వలాభముండరాదు. ఉద్యోగముల నిచ్చునపుడు పార్టీ భేదములను చూడక యోగ్యతనే చూడవలెను. ఏటేట పనుల నివేదికను, లెక్కలను దేశాధ్యక్షునికిని, శాసనసభలకును సమర్పింపవలెను. ఈ నిబంధనలలో ప్రతియొకటియు మన సంఘముల ఉపవిధులలో నుండదగినదే.

మొదటి ముగ్గురిలో అధ్యక్షుడగు ఆర్థర్ మోర్గన్ ఆనకట్టల ఇంజనీరు. హార్‌కోర్టు మోర్గన్ వ్యవసాయ శాస్త్రజ్ఞుడు, టెన్నెసీ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగా నుండినవాడు. డేవిడ్ లిలియెంతాల్ న్యాయవాది, విద్యుత్తు ధరల విషయమున నిపుణుడు. ఇట్లు నీటిని, నేలను, విద్యుత్తును ఎరిగిన మువ్వురు ఒక్క బల్లచుట్టు కూర్చుండిరి. ఆ సంస్థ యొక్క విశేషమిదియే. సామాన్యముగా నీరొక శాఖవారిది, నేల మరియొక శాఖవారిది, కరెంటు వేరొకరిది. రైతు ఒక్కడే అయినను అతడు మూడు కచేరీల వాకిళ్లు తొక్కవలెను. నది ఒక్కటి గావున దానిని గూర్చిన యోచనయు ఒక్కచోటనే జరుగవలెనని ఆ చట్టము యొక్క తలంపు.

నీటి పని

1933లోనే నారిస్ పేర నొక ఆనకట్టను ప్రారంభించి 1936లో ముగించిరి. 1942నాటికి పండ్రెండు జలవిద్యుత్ నిర్మాణములు ఒక్కమారే జరుగుచు, సుమారు 28,000 మంది పనిచేయుచుండిరి. ఒక్కొక్క జలాశయము మూడు పనులు చేయవలెను: వరదను పట్టవలెను, పడవలకు నీరుంచవలెను, విద్యుత్తు పుట్టింపవలెను. ఈ మూడును ఒకదానితో నొకటి పోరాడును. వరదను పట్టుటకు చెరువు ఖాళీగా నుండవలెను, విద్యుత్తునకు నిండియుండవలెను. ఎప్పుడెంత నీరు విడువవలెనో నిర్ణయించు అధికారము ఒక్క బోర్డు చేతిలో నుండుటచేతనే ఈ తగవు తీరెను. యుద్ధము ముగియునప్పటికి నాక్స్‌విల్ మొదలు పడూకా వరకు 9 అడుగుల లోతున పడవదారి సిద్ధమయ్యెను.

జలాశయములు నిలువనీటి మడుగులై దోమలను పెంచునను భయము తొలుత నుండెను. బోర్డువారు వేసవిలో నీటిమట్టమును కొంత దింపుచు, మరల ఎత్తుచు నుండిరి. నీరు తీసినపుడు ఒడ్డున కలుపులో దాగిన దోమపిల్లలు మెరకపై చిక్కి చచ్చుచుండెను. ఇట్టి యుపాయములచేత 1947నాటికి ఆ ప్రాంతమున మలేరియా దాదాపుగా నశించెను.

పొలములోని పని

మజిల్ షోల్స్ కర్మాగారములను బోర్డువారు ఎరువుల వైపు త్రిప్పిరి. లోయ భూములకు ముఖ్యముగా తక్కువైనది భాస్వరమని హార్‌కోర్టు మోర్గన్ చెప్పెను. భాస్వరపు ఎరువును సున్నముతోగూడ వేసినచో క్లోవరు మొదలగు పప్పుజాతి పశుగ్రాసములు బాగుగ పెరుగును. అవి గాలిలోని నత్రజనిని వేళ్లయందలి బుడిపెలలో పట్టి నేలకు చేర్చును. గడ్డి దట్టమై మట్టిని పట్టియుంచును. ఆ గడ్డితో పశువులు వృద్ధియగును. జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి దున్నిన మన రైతులకు ఈ క్రమము తెలియనిది కాదు.

అయితే ఎరువును ఊరక పంచిపెట్టలేదు. గ్రామస్థులు సభ చేరి తమలో నొక రైతును ఎన్నుకొందురు. అతని పొలము పరీక్షాక్షేత్రమగును. ఎరువు ఉచితము, రైలు కూలి రైతుదే. అందుకు బదులుగా అతడు వాలు దున్నకములను తగ్గించి, గట్లు కట్టి, పచ్చికను పెంచి, ఏ మడికెంత వేసినది, ఎంత పండినది, ఎంత వచ్చినది వ్రాసియుంచవలెను. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి తప్పొప్పులు చర్చింతురు. ప్రభుత్వపు తోటలో పండిన పంటను చూచిన రైతు, "సర్కారు డబ్బుతో ఏదైన పండును" అని తలయూచి పోవును. తనవంటి కాపు, తనవంటి నేలలో, తనకున్న ఎడ్లతో పండించిన పంటను చూచినచో ఆగి లెక్క అడుగును. ప్రదర్శన పనిలోనున్న మాకందరికి ఇది నిత్యానుభవము. ఆ బోర్డు చేసిన వ్యవసాయపు పనికి బలము ఎరువులో సగము, ఆ లెక్కపుస్తకములో సగము.

కరెంటు సంఘములు

విద్యుత్తును ఇండ్లకు పంచు పనిని బోర్డు తన నెత్తిన వేసికొనలేదు. పురపాలక సంఘములకును, సహకార సంఘములకును టోకున అమ్మెను. 1934లో మిసిసిపీ రాష్ట్రమున కోరింత్ పట్టణమును, చుట్టునున్న పల్లెలును కలిసి ఒక విద్యుత్ సహకార సంఘముగా ఏర్పడెను. పల్లెకు తీగలు వేసిన ఖర్చు రాదని కంపెనీలు చెప్పుచుండెను. పట్టణపు మిగులుతో పల్లె తీగలను వేసి ఆ సంఘము మార్గము చూపెను. బోర్డు నియమించిన గృహ ధరలలో మొదటి 50 యూనిట్లకు 3 సెంట్లు, తరువాతి 150 యూనిట్లకు 2 సెంట్లు, ఆపైని 200 యూనిట్లకు 1 సెంటు. ధర తగ్గిన వాడుక పెరుగును, వాడుక పెరిగిన ఖర్చు గిట్టును అని వారి లెక్క. కంపెనీలు న్యాయస్థానములకెక్కెను గాని నిలువలేదు. నేటికిని అచ్చటి విద్యుత్తును 150కి పైగా పురపాలక, సహకార సంస్థలే ఇండ్లకు పంచుచున్నవి.

నష్టపడినవారు

ఇంతవరకు చెప్పినదే అంతయు నైనచో ఈ వ్యాసమవసరము లేదు. జలాశయములక్రింద భూమి పోయి లేచిపోయిన కుటుంబములు 15,000కు పైగా నున్నవి. భూమి గలవానికి వెల ముట్టెను. కౌలుదారునకును, పాలికి సేద్యము చేయువానికిని తమపేర భూమి లేదు గావున పరిహారము రాలేదు. నీరు పంపిణీయైన భూమి ఒకనిది, మునిగిన బ్రదుకు వేరొకనిది. నారిస్ ఆనకట్టయొద్ద బోర్డు కట్టిన మాదిరి పట్టణమున నల్లజాతివారికి ఇల్లియ్యలేదు. వ్యవసాయపు పనిని బోర్డు రాష్ట్ర వ్యవసాయ కళాశాలలకు అప్పగించెను. ఆ కళాశాలల పరిచయము మోతుబరులతో నుండుటచే చిన్న రైతులును, నల్లజాతి రైతులును వెనుకబడిరని ఫిలిప్ సెల్జ్నిక్ అను పండితుడు 1949లో ప్రకటించిన గ్రంథమున చూపెను. "ప్రజలతో కలిసి పనిచేయుచున్నాము" అని బోర్డు చెప్పినపుడు ఏ ప్రజలతో అని అడుగవలెనను మాట ఆ గ్రంథమువలన స్థిరపడినది.

బోర్డులోని కలహము, కోరము

ముగ్గురును యోగ్యులే యైనను ఏకమనస్కులు కారు. ప్రైవేటు కంపెనీలతో నెట్లు వ్యవహరింపవలెనను విషయమున ఆర్థర్ మోర్గనునకు తక్కిన యిద్దరితో విరోధము ముదిరెను. ఆయన సహచరులపై బహిరంగముగా నిందలు మోపి, ఋజువులడిగినపుడు చెప్ప నిరాకరించుటచే, రూజ్‌వెల్టు 1938 మార్చిలో ఆయనను తొలగించెను.

1959లో విద్యుత్ విభాగము తన ఖర్చును తానే భరించునట్లు చట్టము మారెను. 2004లోని సవరణచే బోర్డు తొమ్మండుగురు సభ్యులదై, పూర్తికాలపు డైరెక్టర్లకు మారు ఐదేండ్ల పదవి గల పాక్షికకాలపు సభ్యులు వచ్చిరి. వారిలో ఏడుగురైనను ఆ ప్రాంతవాసులై యుండవలెను. 2008 డిసెంబరు 22న కింగ్‌స్టన్ బొగ్గు విద్యుత్కేంద్రపు బూడిదకట్ట తెగి సుమారు 300 ఎకరములపై బూడిద పరచుకొనెను; దానిని శుభ్రపరచుటకు నూరుకోట్ల డాలర్లకు పైగా వ్యయమయ్యెను. 2025లో దేశాధ్యక్షుడు కొందరు సభ్యులను తొలగింపగా, అప్పటికే ఖాళీలుండుటచేత నలుగురే మిగిలి, కావలసిన ఐదుగురి కోరము లేక, బోర్డు కొన్ని నెలలు క్రొత్త నిర్ణయములు చేయజాలకపోయెను. ఎంత పెద్ద సంస్థయైనను బల్లచుట్టు కుర్చీలు ఖాళీయైన నిలిచిపోవును.

మన దేశమున

1943లో దామోదర నదికి వచ్చిన వరద పిమ్మట టెన్నెసీ సంస్థకు చెందిన వూర్డుయిన్ అను ఇంజనీరు పథకము వ్రాయగా, 1948లో దామోదర లోయ సంస్థ చట్టమువలన ఏర్పడెను. మొదట దానికిని ముగ్గురే సభ్యులు. 1953 మొదలు 1959 వరకు తిలైయా, కోనార్, మైథాన్, పాంచెత్ ఆనకట్టలు లేచెను. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన 1953లో పుట్టిన తుంగభద్రా బోర్డు ఇట్టిది కాదు. జలాశయమును కాపాడి నీటిని రాష్ట్రములకు క్రమపరచుట దాని పని. బోర్డు అను పేరొక్కటే యైనను దేని చేతిలో ఏ పని యున్నదో వేరువేరుగా తెలిసికొనవలెను.

సభ్యులు అడుగవలసినవి

నీటి బోర్డైనను, కరెంటు బోర్డైనను, మన పరపతి సంఘపు పాలకవర్గమైనను ఈ ప్రశ్నల నడుగుట మన హక్కు. సభ్యులు ఎవరిచే, ఎంతకాలమునకు నియమింపబడిరి? వారు నిర్ణయించు వ్యాపారములో వారికి స్వంత లాభమున్నదా? లెక్కలు ఎప్పుడు, ఎవరియెదుట చదువబడును? ఈ పనివలన లాభమెవరిది, నష్టమెవరిది? నష్టపడువాడు కౌలుదారుడైనచో అతని పేరు ఏ జాబితాలో నున్నది? ఈ కడపటి ప్రశ్నను టెన్నెసీలో పని ప్రారంభమైనపుడే గట్టిగ అడిగియుండినచో వేలాది కుటుంబముల గతి వేరుగా నుండెడిది. రానున్న మహాజనసభలో లెక్కలు చదువునపుడు లేచి పోక, నోటుపుస్తకము దగ్గర నుంచుకొని కూర్చుండి, పై ప్రశ్నలలో ఒక్కటైనను అడుగుడని సభ్యులకు నా మనవి.