తొలి రేడియోలో ఒక సాయంత్రం

సూరత్ మరమగ్గాల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు డుమస్ కొత్త ఊరేమీ కాదు. సెలవు దొరికితే పిల్లాపాపలతో వెళ్లే నల్ల ఇసుక తీరం అది. పటం తీసి ఆ ఊరి నుంచి దక్షిణంగా బొంబాయి దాకా ఒక గీత గీయండి. సుమారు 240 కిలోమీటర్ల ఆ గీత చాలామటుకు సముద్రం మీదుగానో, తీరాన్ని ఒరుసుకుంటూనో పోతుంది. మన దేశంలో రేడియో ఎలా మొదలైందో తెలుసుకోవడానికి ఆ గీత బాగా పనికొస్తుంది.

1927 జూలై 23న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వారి బొంబాయి కేంద్రాన్ని వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడు. ట్రాన్స్‌మిటర్ శక్తి ఒకటిన్నర కిలోవాట్లు మాత్రమే. పగటిపూట యాభై కిలోమీటర్లు దాటితే దాని మాట నమ్మకంగా వినబడేది కాదు. రాత్రయితే పరిస్థితి మారిపోతుంది. మీడియం వేవ్ తరంగాలను పగలు ఆకాశంలోని కింది పొర ఒకటి మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. అంతేకాదు, నేలబారుగా సాగే తరంగం కూడా పొడి నేల మీద కన్నా ఉప్పునీటి మీద తన బలాన్ని ఎక్కువ దూరం నిలుపుకుంటుంది. అందుకే, ఎత్తున ఏరియల్ కట్టి మంచి వాల్వు సెట్టు పెట్టుకుంటే, పగలంతా గరగరలాడే పెట్టె డుమస్ లాంటి తీరపు ఊళ్లో చీకటి పడ్డాక పలికే వీలుంది. రేడియో అంటే సాయంత్రమే అన్న అలవాటు ఊరికే రాలేదు.

ఆ సాయంత్రాలను యూరోపియన్ కార్యక్రమాలకూ భారతీయ కార్యక్రమాలకూ పంచేవారు. యూరోపియన్ వాటా అనగానే పెద్ద సింఫనీలను ఊహించుకోకండి. నాలుగైదు వయొలిన్లు, ఒక చెల్లో, పియానో, ఫ్లూటు: హోటళ్లలో భోజనాల వేళ వాయించే చిన్న బృందాలవి. మాటలు రాని సినిమాల కాలం కాబట్టి తెర పక్కన కూర్చుని వాయించేవాళ్లకూ బొంబాయిలో కొదవ లేదు. వారిలో చాలామంది గోవా చర్చి బడుల్లో స్వరలిపి చదవడం నేర్చుకున్నవాళ్లు. వాద్యాల మధ్యలో ఒక పాట, ఒక హాస్యఘట్టం, చిన్న ప్రసంగం. దాన్నే వెరైటీ అన్నారు.

ఇలాంటి తేలిక సంగీతాన్నే రేడియో ఎందుకు ఎంచుకుంది? జనం సరదా పడ్డారని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు కారణం మరుగున పడుతుంది. ఆనాటి మైక్రోఫోన్లు, స్పీకర్లు బాగా కింది స్వరాలనూ బాగా పై స్వరాలనూ సరిగా మోయలేకపోయేవి. నూరుమంది వాయిస్తే వినేవాడికి ముద్దగా చేరేది. పదిమంది వాయిస్తే వరస తేటగా తెలిసేది. చాలాసార్లు గది మొత్తానికి ఒకే మైకు. ఒక్కో వాద్యం ధ్వనిని విడిగా పెంచి తగ్గించే సౌకర్యం లేదు కనుక, మనుషులనే ముందుకూ వెనక్కూ జరిపేవారు. పెళ్లి ఫొటోలో పిల్లల్ని ముందు, పొడుగువాళ్లను వెనక నిలబెట్టినట్టు, గొంతునూ వయొలిన్‌నూ మైకు దగ్గరికి చేర్చి, ఇత్తడి బూరలనూ డ్రమ్ములనూ గోడ వైపు నెట్టేవారు. టేపు ఇంకా రాలేదు. తప్పు దొర్లితే దొర్లినట్టే ఊరంతా వినేది. అంత క్రమశిక్షణ కోరే పనిని తేలిక సంగీతం అని తీసిపారేయడం న్యాయం కాదు.

మన వైపు కథ ఇంకా ముందే మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924 జూలై 31న ప్రసారాలు ప్రారంభించి, డబ్బు చాలక 1927లో ఆపేసింది. దాని ట్రాన్స్‌మిటర్‌తోనే 1930 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు కార్పొరేషన్ రోజూ సాయంత్రం ప్రసారాలు నడిపింది. రేడియో కొనలేనివాళ్లు మెరీనా ఒడ్డున లౌడ్‌స్పీకర్ల దగ్గర కూర్చుని విన్నారు. బొంబాయి కంపెనీ కూడా 1930లో మూతపడింది. ఏడాదికి పది రూపాయల లైసెన్సు కట్టినవాళ్లు దేశమంతా కలిపి పదివేలు కూడా లేరు. ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది, 1936లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరు వచ్చింది.

ఆ తర్వాత జరిగినదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. బీబీసీ శ్రోతలకు తేలిక సంగీతంతో పరిచయమైన ఇంగ్లిష్ స్వరకర్త జాన్ ఫోల్డ్స్, ఢిల్లీ కేంద్రంలో మన వాద్యకారులను చేరదీసి భారతీయ వాద్యాలతోనే ఆర్కెస్ట్రా కట్టాడు. కష్టమైన పనే. మన సంగీతంలో కళాకారుడు రాగాన్ని అప్పటికప్పుడు పెంచుకుంటూ పోతాడు. పదిమంది కలిసి వాయించాలంటే ముందే రాసుకోవాలి, రాసినది చదవగలగాలి. 1939లో ఆయన చనిపోయాడు. ఆ ప్రయత్నం చావలేదు. 1952లో రవిశంకర్ నాయకత్వంలో ఆకాశవాణి వాద్యబృందం ఏర్పడింది. తర్వాత దాన్ని నడిపినవారిలో మన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఉన్నారు. ఇటు 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి చేతుల్లో, చిన్న వాద్యబృందం తోడుగా, తెలుగు లలిత సంగీతం రూపుదిద్దుకుంది.

తొలినాళ్ల ప్రసారాల్లో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోయాయి. మిగిలే అవకాశం ఉన్నవి వాద్యకారులు చేత్తో రాసుకున్న స్వరాల కాగితాలే. మీ ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో రేడియోలో వాయించి ఉంటే, ఆ పాత నోటుపుస్తకాలను చిత్తుకాగితాలవాడికి వేయకండి. దగ్గర్లోని ఆకాశవాణి కేంద్రానికో, సంగీత కళాశాల గ్రంథాలయానికో అప్పగించండి.