కొండ దిగొచ్చిన రేవు

విశాఖపట్నం బీచ్‌లో అల వెనక్కి మళ్లాక తడి ఇసుక మీద చారలు మిగులుతాయి. గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో పరిచి ఎండకు పట్టి చూస్తే మూడు రకాల రేణువులు కనిపిస్తాయి. తెల్లగా మెరిసేవి పలుగురాతి ముక్కలు. నల్లగా, బరువుగా ఉండి అల లాగినా కదలకుండా చారకట్టి నిలిచేవి ఎక్కువగా ఇల్మెనైట్. వాటి అంచున దానిమ్మ గింజ రంగులో ఉండేవి గార్నెట్. వీటిలో సముద్రం పుట్టించినది ఒక్కటీ లేదు. తూర్పు కనుమల రాయి ఎండకు, వానకు చివికి, నలిగి, గెడ్డల వెంట, అంటే కొండవాగుల వెంట, దొర్లుకుంటూ తీరానికి చేరితే అల దాన్ని జల్లెడ పట్టి ఇలా వేరు చేసింది, అంతే. ఆ రాయిని భూగర్భ శాస్త్రంలో ఖొండలైట్ అంటారు. గత శతాబ్దం మొదట్లో దానికి ఆ పేరు పెట్టింది ఖోండుల మీద, అంటే మన వైపు కోదులని పిలుచుకునే కొండజాతి మీద. అరకు కొండల్లో పరుచుకుని ఉన్న ఆ రాయే విశాఖ బీచ్ పక్కన అలలు కొట్టుకునే బండల్లోనూ ఉంది. సముద్రపు ఊరి పునాది రాయికి కొండ మనుషుల పేరు ఉందన్న సంగతి ఆ ఊళ్లో ఎంతమందికి తెలుసు?

విశాఖ కథ చెప్పేవాళ్లు మామూలుగా సముద్రం వైపు తిరిగి చెబుతారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం, పక్కన భీమునిపట్నం (భీమిలి)లో డచ్చివాళ్లు, 1757లో ఫ్రెంచి బుస్సీ రాక, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాల బాంబులు, నౌకాదళం, ఓడల కర్మాగారం. ఇవన్నీ నిజమే. కానీ ఈ వరుసలో ఊరికి వెనకవైపు ఉన్న సగం కనబడదు. ఈ నగరాన్ని అర్థం చేసుకోవాలంటే కొండ వైపు నుంచి, అంటే కొయ్యూరు నుంచో పాడేరు నుంచో అనంతగిరి నుంచో కిందికి చూడాలని నా వాదన. అలా చూస్తే విశాఖ సముద్రం ఒడ్డున వెలిసిన ఊరు కాదు, కొండలు సముద్రాన్ని చేరిన చోట నిలిచిన ఊరు. దాని రేవు, దాని సరుకు, దాని నీళ్లు, ఒకప్పుడు దాని కరెంటు కూడా పైనుంచి దిగినవే.

మొదట రేవు సంగతి. ఆంధ్ర తీరం చాలావరకు చదును. కృష్ణా, గోదావరులు తెచ్చిపోసిన ఒండ్రు మీద ఒకప్పుడు గొప్ప రేవులు నడిచాయి. మచిలీపట్నం పేరు ఐరోపా వర్తకులందరికీ తెలుసు. కోరంగిలో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. కానీ కోరంగిని 1839 తుపాను, గోదావరి మేట కలిసి కూల్చేశాయి. 1864 నవంబరులో మచిలీపట్నం మీదికి ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మంది పోయారు. అడ్డుకోవడానికి మెరక అన్నది లేకపోవడంతో నీళ్లు మైళ్ల దూరం లోపలికి నడిచాయి. విశాఖ దగ్గర భూమి తీరు వేరు. తూర్పు కనుమల నుంచి విడిపోయిన వేళ్ల లాంటి గుట్టలు సముద్రం దాకా చాచుకుని ఉన్నాయి. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ. ఆ యారాడ కొండ సముద్రంలోకి ముక్కు చాపిన చోటే డాల్ఫిన్ నోస్. దాని వెనక, ఎదురు గుట్టకు దీనికి మధ్య, ఒకప్పుడు ఉప్పుటేరు, మడ, బురద తప్ప ఏమీ లేవు. నైరుతి గాలికీ అలకూ ఆ ముక్కు అడ్డుపడుతుందని చూసే ఇంజనీర్లు ఆ బురదను తవ్వి లోపలి హార్బర్ చేశారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును అధికారికంగా ప్రారంభించాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. డాల్ఫిన్ నోస్ లక్షల ఏళ్లుగా అక్కడే ఉంది కదా, మరి 1901 జనాభా లెక్కల్లో విశాఖ 41 వేల మంది ఉన్న చిన్న పట్నంగానే ఎందుకు ఉంది? ఊరిని చేసింది బ్రిటిష్ పెట్టుబడీ, డ్రెడ్జర్లూ కానీ కొండ కాదుగా? న్యాయమైన ప్రశ్నే. కొండ ఒక్కటే రేవును చేయలేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మసులా పడవలు అలల మీద ఎగిరిపడుతూ సరుకు మోసిన రోజులు చాలా కాలం నడిచాయి. పందొమ్మిదో శతాబ్దంలో భీమిలి కూడా విశాఖకు గట్టి పోటీగా ఉండేది. కానీ పెట్టుబడి ఈ ఊరినే ఎందుకు వెతుక్కుంటూ వచ్చిందన్నది అడగాలి. రేవుకు సముద్రం వైపు మరుగు కావాలి, వెనక సరుకు కావాలి. మరుగు కొండ ఇచ్చింది. సరుకు ఆ కొండల అవతల ఉంది. మధ్య పరగణాల మాంగనీసును తూర్పు తీరానికి దించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే రాయపూర్ నుంచి కనుమలు దాటించి విజయనగరం దాకా లైను వేసింది. అది 1931లో పూర్తయింది, రెండేళ్లకు రేవు తెరిచారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. రైలు కోసం రేవు, రేవు కోసం రైలు.

అసలు కొండా సముద్రమూ ఇచ్చిపుచ్చుకోవడం రైలుతో మొదలవలేదు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ మీది బౌద్ధ ఆరామాలు రెండు వేల ఏళ్ల నాటివి. మూడూ సముద్రం కనిపించే కొండల మీదే ఉన్నాయి. తొట్లకొండకు ఆ పేరు బండలో తొలిచిన నీటి తొట్ల వల్లే వచ్చింది. భిక్షువులు ఓడలొచ్చే దిక్కు చూస్తూ, వాన నీళ్లు తాగుతూ బతికారన్నమాట. అక్కడ రోమను నాణేలు కూడా దొరికాయి. ఇక మన్యం సంతల్లో చింతపండు, పిప్పళ్లు, కరక్కాయ, అడ్డాకులు కిందికి దిగేవి, ఉప్పు, ఎండుచేపలు పైకెక్కేవి. కొండ మీద దొరకనిది ముఖ్యంగా ఉప్పు. ఆ ఉప్పు కోసం కావిడి భుజాన వేసుకుని ఘాటీ దిగిన మనిషి తన సరుకుకు ధర తాను చెప్పుకోలేకపోవడం అప్పుడే మొదలైంది. మైదానం షావుకారు కొలతపాత్ర ఎంతంటే అంత.

ఈ లెక్క ఎలా నడిచిందో కొయ్యూరు నేల మీద కనిపిస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టుకోవడం, కలప తెచ్చుకోవడం నేరాలయ్యాయి. 1920ల్లో గూడెం కొండల్లో రోడ్లు వేయడానికి డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత కూలి సరిగ్గా ఇవ్వకుండా పని చేయించాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఎక్కే దారి ఎవరి కోసం? పైనున్న జనం కిందికి రావడానికి కన్నా, పైనున్న కలప కిందికి దిగడానికి, పోలీసు పైకి ఎక్కడానికే అది ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం. ఈ అన్యాయం మీద తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు పుట్టింది భీమిలి దగ్గర పాండ్రంగిలో, తీరపు గాలి తగిలే ఊళ్లో. చదువు కోసం కొంతకాలం విశాఖలో ఉన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్నప్పుడు గాం గంటందొర వంటి గిరిజన నాయకులు ఆయన వెంట ఉన్నారు. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో ఆయన్ని కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఈ తిరుగుబాటును దేశభక్తి కథగానే చెబుతూ వచ్చాం. అది దేశభక్తే. దాని అడుగున మాత్రం కొండకు మైదానానికి మధ్య దారి ఎవరిది, కూలి ఎంత అన్న తగువు ఉంది. ఆ తగువును మరిచిపోతే కొయ్యూరు ఒక విగ్రహం, ఒక సెలవు రోజుగా మిగిలిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కిందికి దిగే సరుకు పెరిగింది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి 1960వ దశకంలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. అరకు చూడబోయే యాత్రికులు అద్దాల పెట్టెలో కూర్చుని మెచ్చుకునేది ఈ లైనునే. యాభైకి పైగా సొరంగాలు, సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను, పక్కనే లోయలోకి జారే మబ్బు. పర్యాటకం కోసం వేసిన లైను కాదది, ఖనిజం దించే జారుడుబల్ల. దాని కింది కొసన పెద్ద ఓడలు నిలవడానికి 1976లో బయటి హార్బర్ సిద్ధమైంది. కొరాపుట్ కొండల్లో దామన్‌జోడి అల్యూమినా కూడా ఈ దారినే వచ్చి ఇక్కడే ఓడెక్కుతుంది.

సరుకు సంగతి అందరికీ కొంత తెలుసు. నీళ్ల సంగతే ఎవరూ తలుచుకోరు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహలను తొలుచుకుంటూ దిగి, తాటిపూడి రిజర్వాయరులో ఆగి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ కుళాయిల్లోకి వస్తాయి. శారద మీద రైవాడ, మేఘాద్రిగెడ్డ మీద కట్టిన రిజర్వాయరు కూడా అంతే. ఉక్కు కర్మాగారం దాహం తీర్చడానికి మన్యం కొండల్లో పుట్టిన ఏలేరు నీటిని సుమారు 150 కిలోమీటర్ల కాలువలో మళ్లించారు. కరెంటూ అలాగే దిగింది: మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చింది, తర్వాత సీలేరు. జలాపుట్ డ్యాం కింద ఊళ్లు, పొలాలు మునిగి, చుట్టుపక్కల కొండవాళ్లు చెల్లాచెదురయ్యారు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని నినదించి 32 మంది ప్రాణాలిచ్చారు, 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. ఆ త్యాగాన్ని తలుచుకోవాల్సిందే. ఆ ఫర్నేసు చల్లబడడానికి నీరిచ్చిన కొండ గెడ్డ పేరు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. కొండకు నగరం ఏమీ ఇవ్వలేదా? విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) లేకపోతే మన్యం రోగులు ఎక్కడికి పోతారు? అరకు కాఫీ ఈరోజు పెద్ద ఊళ్ల దుకాణాల్లో అమ్ముడవుతోందంటే, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, రోడ్డూ రేవూ మార్కెట్టూ ఉండబట్టే కదా? ఒప్పుకోవాలి. పోడు వ్యవసాయం తప్ప దారిలేని ఇళ్లకు మిరియం తీగా కాఫీ మొక్కా డబ్బు తెచ్చాయి. కానీ ఇచ్చిపుచ్చుకోవడంలో రెండు వైపులా వేగం ఒకటి కాదు. ఖనిజం కొండ దిగడానికి సొరంగాలు తొలిచారు. రోడ్డు లేని గూడెంలో నొప్పులొచ్చిన ఆడమనిషి కొండ దిగాలంటే మాత్రం రెండు కొసలూ వెదురుకు కట్టిన దుప్పటిలో కూర్చోబెట్టి ఇద్దరు మగవాళ్లు భుజాల మీద మోస్తారు. దాన్ని డోలీ అంటారు. బండల మీద పాకుడు ఉంటే ముందున్నవాడు కాలు ఆనించి, ఆనిందని చెప్పాకే వెనకున్నవాడు అడుగు వేస్తాడు. వర్షాకాలంలో గెడ్డ పొంగితే ఒడ్డునే ఆగాలి. అరవై ఏళ్ల కిందటే వ్యాగన్లకు సొరంగం తొలవగలిగిన దేశం ఆ గెడ్డ మీద కల్వర్టు కట్టలేకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు పాత విశాఖ జిల్లాలోని మన్యం, కొయ్యూరుతో సహా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. విశాఖ జిల్లాకు నగరం, దాని చుట్టూ కొద్ది నేల మిగిలాయి. పరిపాలన దగ్గరకు రావడం గిరిజనులకు మంచిదే, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం లేదు. అయితే పటం మీద గీత పడ్డాక నగరం తన వెనకవైపును ఇంకా సులువుగా మరిచిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలకొద్దీ కూలాయి. గాలికి జిల్లా సరిహద్దు లేదు, వాన నీటికీ లేదు. అడవి పలచబడితే తాటిపూడిలో మేట పెరుగుతుంది, గెడ్డలు వేసవికి ముందే ఎండుతాయి, ఆ కొరత నగరపు కుళాయిల దాకా వస్తుంది.

అందుకే నగరం కొండకు పైసల్లో చెల్లించే పద్ధతి ఒకటి రావాలంటాను. ఇది కొత్త ఊహ కాదు. న్యూయార్క్ నగరం తన తాగునీరు వచ్చే క్యాట్‌స్కిల్ కొండల ఊళ్లతో 1997లో ఒప్పందం రాసుకుంది. నీటిని కిందికొచ్చాక శుద్ధి చేసే భారీ కర్మాగారానికి పెట్టే ఖర్చు కన్నా, పైనున్న రైతులకూ ఊళ్లకూ సాయం చేసి అడవినీ నేలనూ కాపాడించడం చౌక అని లెక్క తేల్చుకుంది. అదే ఏడాది మన సుప్రీంకోర్టు సమత కేసులో, అనంతగిరి మండలం బొర్రా పరిసరాల గనుల మీద తీర్పు చెబుతూ, షెడ్యూల్డ్ ప్రాంత భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి ప్రభుత్వానికీ హక్కు లేదంది. అక్కడి వ్యాపారం లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీటికి, బళ్లకు, ఆసుపత్రులకు, దారులకు శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది. ఖనిజానికి ఒప్పుకున్న ఆ న్యాయం నీటికి ఎందుకు వర్తించదు?

నగరంలోని పేదల మీద భారం పడుతుందని అంటారు. మురికివాడ కుళాయికి ఒక్క రూపాయి పెంచనక్కర్లేదు, కర్మాగారాలు, హోటళ్లు, పెద్ద అపార్టుమెంట్లు వాడే నీటి మీద వేస్తే సరిపోతుంది. డబ్బు పాడేరు దాకా వెళ్లి ఏ ఖాతాలోనో కరిగిపోతుందని ఇంకో అనుమానం. దానికి మందు గ్రామసభ. గోస్తని, శారద, ఏలేరు పైభాగాల్లో ఉన్న గూడేల జాబితా వేసి, ప్రతి గూడెం పేరు మీద ఎంత జమైందో, దాంతో ఏ గెడ్డ మీద కల్వర్టు పడిందో, ఏ వాలు మీద మొక్క నాటారో అక్కడి సంతలో చదివి వినిపించాలి. ఆ కాగితం నకలు విశాఖ కార్పొరేషన్ వార్డు ఆఫీసుల గోడల మీద కూడా ఉండాలి, నీళ్ల బిల్లు కట్టడానికి వరుసలో నిలబడ్డవాళ్లకు కనబడే ఎత్తులో.